ఎడమకి తిరగమనే గొంతు

పాత పటాల కొట్టు కింద ఉన్న నేలమాళిగలోకి చీకటి పడ్డాక ఎవరూ దిగరు. ఒకసారి దిగినవాళ్ళు రెండోసారి పగలు కూడా దిగరు.

ఇది నేను కల్పించి చెబుతున్న మాట కాదు. మా మేనత్త చెప్పగా విన్నది. మా మేనత్త దెయ్యాలను నమ్మే రకం కాదు... మనుషులనే అంత తొందరగా నమ్మదు. "నా వెంట పడటానికి దెయ్యానికి మాత్రం వేరే పని లేదా?" అనేది. అలాంటి మనిషి ఈ ఒక్క కథ చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించేది. తలుపు గడియ పడిందో లేదో ఒకసారి చూసుకుని, అప్పుడు మొదలుపెట్టేది.

ఆ కట్టడం ఒకప్పుడు అట్లాసులు అచ్చేసే ప్రెస్సు. పెద్ద యుద్ధం జరిగే రోజుల్లో యూరప్ పటాలు అక్కడ రాత్రీ పగలూ అచ్చయ్యేవట. పొద్దున ఒకరిదైన ఊరు సాయంత్రానికి ఇంకొకరిదయ్యే కాలం అది. సరిహద్దు మారినప్పుడల్లా రాగిరేకు మీద పాత గీతను గీకెయ్యాలి, వెనకనుంచి సుత్తితో కొట్టి ఆ గుంట పైకి లేపాలి, మళ్ళీ కొత్త గీత చెక్కాలి. యుద్ధం చేసేవాళ్ళకేం, హాయిగా చేస్తారు. వేళ్ళు అరిగింది చెక్కేవాళ్ళకి.

ఆ చెక్కడం కూడా మామూలు చెక్కడం కాదు. రాగిరేకు మీద పటమంతా తిరగేసి ఉండాలి. కాగితం మీద కుడివైపు రావలసిన సముద్రాన్ని రేకు మీద ఎడమవైపు చెక్కాలి. ఊళ్ళ పేర్లు అద్దంలో చూసినట్టు వెనకనుంచి ముందుకి రాయాలి. అలా ముప్పై నలభై ఏళ్ళు చేసినవాడికి లోకం ఎటువైపునుంచి కనిపిస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

ప్రెస్సు ఎప్పుడో మూతపడింది. ముందు గదుల్లో పాత పటాలు అమ్మే కొట్టు పెట్టారు. చిరిగిన పటాలను బాగుచేసే పని మా అత్తయ్యది. వెనక పల్చటి గుడ్డ అతికించడం, పురుగు తిన్నచోట కాగితం మాటు వెయ్యడం, మడతల దగ్గర విడిపోయిన దేశాలను మళ్ళీ కలపడం. "రాజులు చీల్చినవన్నీ నేను జిగురు పెట్టి అతికిస్తున్నా" అని నవ్వేది. ఆ పటాల్లో కొన్ని సైనికుల జేబుల్లోంచి వచ్చినవి. వాటి మీద గోధుమరంగు మరకలుండేవి. అవి టీ మరకలేనని అత్తయ్య తనకి తాను చెప్పుకునేది.

ఇక ఆ నేలమాళిగ సంగతి.

మెట్లు దిగితే పొడవాటి నడవ. రెండువైపులా అరలు, అరల నిండా పాత రాగిరేకులు. నడవ చివర దారి రెండుగా చీలుతుంది. ఎడమవైపు దారి ఇంకా కిందికి దిగి నీళ్ళ గదికి పోతుంది. రేకులు కడగడానికి అక్కడ, పక్క కాలవ నీళ్ళు వచ్చేలా, మనిషి లోతు తొట్టి ఉంది. కుడివైపు దారి పైకెక్కి కాగితాల గదికి పోతుంది. ఆ గదికి వెనక వీధిలోకి ఒక తలుపు.

యుద్ధంలో ఒక రాత్రి ఊరి మీద బాంబులు పడ్డాయి. ప్రెస్సు పనివాళ్ళందరూ ఆ నేలమాళిగలో తలదాచుకున్నారు. చెక్కుడు మేస్త్రీ ఇల్లు భద్రం కాదని తన భార్యనీ, పదేళ్ళ కూతురినీ కూడా అక్కడికే తెచ్చుకున్నాడట. పైకప్పు కూలింది. మెట్లు మూసుకుపోయాయి. దీపాలు ఆరిపోయాయి, పొగ కమ్మేసింది. మేస్త్రీ దారి చీలేచోట నిలబడి, కేకలు వేసి దారి చెబుతూ ఒక్కొక్కరినీ పంపించాడు.

పనివాళ్ళంతా కాగితాల గదిలోంచి వీధిలో పడ్డారు. ఒక్కరికి కూడా గీత పడలేదు. ఆయన భార్యా కూతురూ మాత్రం... నీళ్ళ గదిలోకి వెళ్ళిపోయారు. ఎందుకు వెళ్ళారో ఎవరికీ అంతుపట్టలేదు. పాపం, కంగారులో దారి తప్పారన్నారు. వాళ్ళకోసం మేస్త్రీ వెనక్కి పరిగెత్తాడు. ఇక పైకి రాలేదు.

అప్పటినుంచీ — చీకటి పడ్డాక, ఆ చీలిక దగ్గర — ఒక గొంతు వినిపిస్తుంది.

"ఎడమకి... ఎడమకి తిరుగు..."

నమ్మి తిరిగినవాళ్ళు తొట్టిలో పడ్డారు. రాగి ఎత్తుకుపోదామని వచ్చిన దొంగ ఒకడు తెల్లారేదాకా తొట్టి అంచు పట్టుకుని వేలాడి, "బాబ్బాబు, పోలీసులను పిలవండి" అని తనే బతిమాలుకున్నాడట. కాపలా ఉండే నిచ్చెన కూడా అందులో పడి కాలు విరగ్గొట్టుకున్నవాడే. మనిషి ఆరడుగుల పైన ఉంటాడు, అందుకే ఆ పేరు. "నా ఎత్తు నన్ను బతికించింది, నా కాలు నన్ను కుంటివాణ్ణి చేసింది" అనేవాడు. ఆ మేస్త్రీకి బతికి బయటపడ్డవాళ్ళ మీద కసి అనీ, తన పెళ్ళాం పిల్ల పోయిన నీళ్ళలోకే అందరినీ లాగుతాడనీ ఊరంతా చెప్పుకునేది.

మా అత్తయ్య మాత్రం కొట్టిపారేసేది. ఆ రోజు వచ్చేదాకా.

మా మామయ్య పోయాక అత్తయ్యకి మిగిలింది పిచ్చుక ఒక్కతే. పిచ్చుక అంటే వాళ్ళమ్మాయి, వరసకి నాకు మరదలు. అప్పటికి దానికి ఐదేళ్ళు. నోరు తెరిస్తే మూసేది కాదు. ఒక్కగానొక్క పిల్ల కదా, అత్తయ్య ప్రాణాలన్నీ దాని మీదే. అలాగని ముద్దు చేసేదనుకునేరు. ప్రేమ ఎంత ఎక్కువైతే అంత తిట్టే మనిషి ఆవిడ.

దానికి ఒక జబ్బు ఉండేది. అక్షరాలన్నీ తిరగేసి రాసేది. పలక తీసుకెళ్ళి అద్దం ముందు పెడితే తప్ప చదవలేం. ఏది ఎడమ, ఏది కుడి అంటే తెల్లమొహం వేసేది. కుడికాలి చెప్పు ఎడమకాలికి, ఎడమది కుడికి.

ఆ రోజు పొద్దుటినుంచీ కుండపోత. బడి ముందే వదిలేశారు. పిల్లను కొట్టుకి తెచ్చుకుని, బల్ల కింద కూర్చోబెట్టి పలక చేతికిచ్చింది అత్తయ్య. బల్ల మీద యుద్ధం నాటి పెద్ద అట్లాసులోంచి తీసిన కాగితం, దాని నిండా తడి జిగురు. అది మొదలుపెట్టాక మధ్యలో వదలడానికి లేదు, వదిలితే దేశాలన్నీ ముడతలు పడిపోతాయి. సరిగ్గా అప్పుడే పిచ్చుక పలక పైకెత్తి చూపించింది.

అన్నీ తిరగబడ్డ అక్షరాలే.

"కుడిచెయ్యి ఎత్తు" అంది అత్తయ్య.

అది కాసేపు ఆలోచించి, ఎడమచెయ్యి ఎత్తింది.

జిగురు చేత్తోనే ఒక్కటి వేసింది అత్తయ్య. "చెప్పీ చెప్పీ నా నోరు పడిపోతోంది. నీకు చచ్చేదాకా కుడీ ఎడమా రావే!"

అది ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది అనేది అత్తయ్య. మూతి ముడుచుకుని, మళ్ళీ బల్ల కిందికి దూరింది. అత్తయ్య కాగితం మీదికి వంగింది. కుంచెతో గాలిబుడగలు ఒక్కొక్కటే తోసేస్తూ... ఎంతసేపు వంగి ఉందో ఆవిడకే తెలీదు. బయట చీకటి పడింది. ఉన్నట్టుండి కరెంటు పోయింది.

"పిచ్చుకా, కదలకు. కొవ్వొత్తి వెలిగిస్తా" అంది.



కొవ్వొత్తి వెలుగులో బల్ల కింద పలక ఒక్కటే ఉంది. నేలమాళిగ తలుపు జానెడు తెరిచి ఉంది. కిందనుంచి నీళ్ళ చప్పుడు.

అత్తయ్య అరిచిన అరుపుకి నిచ్చెన కుంటుకుంటూ వచ్చాడు.

"అమ్మా, దిగకండి. కాలవ పొంగింది. నీళ్ళ గది ఎప్పుడో నిండిపోయింది, నడవలోకి వచ్చేస్తున్నాయి—"

"పిచ్చుక దిగింది, అన్నా."

నిచ్చెన తన చేతిలోని టార్చిలైటు అత్తయ్య చేతిలో పెట్టాడు.

"నేను వెనక వీధిలోకి పోయి కాగితాల గది తలుపు పగలగొడతా" అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "అమ్మా... అక్కడ గొంతు ఏం చెప్పినా మీరు వినకండి."

అత్తయ్య దిగింది.

చివరి మెట్టు దగ్గరే చీలమండలు మునిగాయి. నాలుగడుగులు వేసేసరికి మోకాళ్ళు. నీళ్ళు మంచులా ఉన్నాయి. టార్చి వెలుగులో అరల్లో రాగిరేకులు ఎర్రగా మెరిసి ఆరిపోతున్నాయి.

"పిచ్చుకా! అమ్మనే... ఇంక కొట్టను తల్లీ, పలుకు!"

తన కేకే గోడలకి కొట్టుకుని తిరిగొచ్చింది. నమ్మిన దేవుడు లేడు కాబట్టి, గుర్తొచ్చిన దేవుళ్ళందరికీ మొక్కింది. వాళ్ళు పలక్కపోతే చచ్చిపోయిన మామయ్యని పిలిచింది. "మీ పిల్ల... మీ పిల్లని చూసుకోండి" అంటూ, నీళ్ళను చేత్తో తోసుకుంటూ పోయింది.

నడవ చివర, దారి చీలేచోట, నీళ్ళ మీద చిన్న చెప్పు తేలుతోంది.

ఒక్కటే చెప్పు.

దాన్ని తీసి గుండెకి అదుముకుంది. ఎడమవైపు నీళ్ళు నల్లగా, గుడగుడమంటూ సుడి తిరుగుతున్నాయి. కుడివైపు చీకటి. పిల్ల ఎటు పోయింది? ఎటు?

అప్పుడు వినిపించింది.

"ఎడమకి..."

గాలి అనుకుంది. కాదు. చెవి పక్కనే... పొగ పీల్చినవాడి గొంతులా బొంగురుగా, తడబడుతూ...

"ఎడమకి... ఎడమకి తిరుగమ్మా..."

వినొద్దన్నాడు నిచ్చెన. కానీ పిల్ల మునిగిపోతోందేమోనని ఒళ్ళు తెలియని తల్లికి ఏ మాట చెవికెక్కుతుంది? దెయ్యం లాగినా సరే, పిల్ల అటే ఉంటే తనూ అటే. చేతిలో చెప్పు ఉంది, ఎదురుగా నీళ్ళున్నాయి. ఎడమకి తిరిగింది.

నడుము దాకా నీళ్ళు. ఇంకో అడుగు. కాలి కింద నేల జారుతోంది.

చిత్రం ఏమిటంటే — గొంతు సంతోషించలేదు.

తను చెప్పినట్టే తిరిగింది కదా, మనుషుల్ని లాక్కునే దెయ్యమైతే నవ్వాలి కదా... అది ఏడవడం మొదలుపెట్టింది. గుండెలు బాదుకుంటున్నట్టు. గోడలు అదిరేలా.

"అటు కాదు... అటు కాదమ్మా... ఎడమకి! ఎడమకి!"

ఇంకో అడుగు వేసింది. గొంతు ఇంకా పెద్దదైంది. తన కళ్ళ ముందే ఎవరో పోతుంటే చూడలేక అరిచే అరుపు అది. ఆ అరుపు అత్తయ్యకి కొత్త కాదు. ఇప్పటిదాకా తను అరుస్తున్నదీ అదే అరుపు.

ఆగిపోయింది.

పడిపోకుండా పక్కనున్న అర పట్టుకుంది. వేళ్ళకి చల్లగా రాగిరేకు తగిలింది. టార్చి అటు తిప్పింది. ఏదో యుద్ధకాలపు పటం. నదులు, కోటలు, గీకి మళ్ళీ చెక్కిన సరిహద్దు. సముద్రం ఉండాల్సిన వైపు కాకుండా రెండోవైపు ఉంది. ఊళ్ళ పేర్లన్నీ తిరగబడి ఉన్నాయి...

పిచ్చుక పలక మీద లాగే.

"మేస్త్రీకీ అంతే..." అంది అత్తయ్య, పైకే. "ఈ మనిషికి ఎడమంటే కుడి."

జీవితమంతా లోకాన్ని తిరగేసి చెక్కినవాడు. ఆ పనిగదిలో ఆయన ఎడమంటే అందరికీ కాగితం మీద కుడి. ఆ రాత్రి చీకట్లో, పొగలో, ప్రాణం మీదికొచ్చిన వేళ నోటికి వచ్చింది అలవాటైన మాటే. పనివాళ్ళు కూడా రేకు మీద బతికినవాళ్ళే, ఆయన ఎడమకి అనగానే ఆలోచించకుండా కుడికి తిరిగారు, బతికారు. మేస్త్రీ తప్పు చెప్పాడని వాళ్ళకి తట్టనైనా తట్టలేదు. భార్యకీ కూతురికీ ఆ పని తెలీదు. వాళ్ళకి ఎడమంటే ఎడమే. నాన్న చెప్పాడు కదా అని, నమ్మి తిరిగారు...

కసి కాదు, పాడూ కాదు. ఇన్నేళ్ళుగా ఆ ముసలి ప్రాణం వచ్చినవాడికల్లా బయటికి దారే చెబుతోంది. వచ్చినవాడల్లా వెళ్ళి నీళ్ళలో పడుతున్నాడు.

అత్తయ్య వెనక్కి తిరిగింది. నీళ్ళను చీల్చుకుంటూ చీలిక దాటి కుడికి పరిగెత్తింది. వెనక గొంతు ఒక్కసారి వెక్కి, ఆగిపోయింది.

దారి పైకెక్కింది. నీళ్ళు మోకాళ్ళకి, చీలమండలకి... తర్వాత పొడినేల. కాగితాల గది మూలన, పాత కాగితపు కట్టల మీద, ముడుచుకుని కూర్చుని ఉంది పిచ్చుక. ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు.

అత్తయ్య దాన్ని గుండెలకి హత్తుకుని నేల మీద కూలబడింది. బయటనుంచి నిచ్చెన తలుపు మీద వేసే దెబ్బలు వినిపిస్తున్నా లేచి గడియ తియ్యాలని కూడా తోచలేదు. తలుపు విరిగి ఆరడుగుల మనిషి లోపల పడ్డాడు. ఇద్దరినీ చూసి, మోకాళ్ళ మీద కూర్చుని వాడూ ఏడ్చాడు.

అత్తయ్య ఇంతవరకూ చెబితే, నేను తెలివైనవాడిలా అనేవాడిని: "ఇందులో దెయ్యం పని ఏముంది అత్తయ్యా? పిచ్చుకకి కుడి ఎడమలు తెలీవు. ఎడమకి అనగానే అలవాటుగా తప్పువైపు తిరిగింది, అదే సరైన దారి అయింది. పిల్ల తెలివితక్కువతనమే పిల్లని కాపాడింది. నీకు వినిపించిందేమో, కాలవ నీళ్ళ హోరు."

నా మాటకి పిచ్చుక కూడా నవ్వేది. ఇప్పుడు కారు నడుపుతుంది కదా, పక్కన కూర్చుని కుడికి తిప్పమంటే ఎడమకి తిప్పుతుంది. దాని బండి ఎక్కితే దేవుడికి ముందే దండం పెట్టుకోవాలి.

అత్తయ్య నవ్వేది కాదు. "నేనూ అలాగే అనుకున్నాను రా" అనేది. "ఇంటికొచ్చేదాకా."

ఆ రాత్రి పిల్లకి పొడిబట్టలు వేసి, పక్కలో పడుకోబెట్టుకుని, తను కొట్టిన చెంప నిమురుతూ అడిగిందట.

"చీకట్లో భయం వెయ్యలేదా తల్లీ?"

"వేసింది. ఏడ్చాను. తాత ఎడమకి, ఎడమకి అని అరుస్తున్నాడు. నాకేమో ఎడమ ఏదో తెలీదు కదా... ఎటూ పోకుండా అక్కడే నించున్నాను."

అత్తయ్య చెయ్యి ఆగిపోయింది.

"నించుంటే... మరి కాగితాల గదిలోకి ఎలా వచ్చావే?"

"అక్క వచ్చి చెయ్యి పట్టుకుంది."

"ఏ అక్క?"

"తాత వాళ్ళమ్మాయి. చెయ్యి ఎంత చల్లగా ఉందో. జుట్టంతా తడి. ఆ అక్క ఎంత చెప్పినా వాళ్ళ నాన్నకి వినపడదట అమ్మా. అందుకని వచ్చినవాళ్ళ చెయ్యి పట్టుకుందామని చూస్తుందట, పెద్దవాళ్ళేమో విదిలించుకుంటారట."

బయట వాన తగ్గింది. పిల్ల ఆవులించింది. అమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, నిద్రమత్తులోనే గొణిగింది.

"చచ్చేదాకా నాకు ఎడమా కుడీ రావని మా అమ్మ తిట్టిందని ఆ అక్కకి చెప్పాను..."

"ఏమందే?"

"ఏడవకు, నాకూ అంతే, చచ్చాకే వచ్చింది అంది... వాళ్ళ నాన్న ఎడమంటే కుడి అని."